పద్నాలుగు నెలలు ఆగి చేయించుకున్న కత్తి

పార్సిల్ వచ్చి మూడు వారాలైంది. పెట్టె విప్పగానే పైన నూనె కాగితంలో చుట్టిన వేలెడు ఉక్కు ముక్క ఉంది, దానికి దారంతో కట్టిన చిన్న చీటీ. “అమ్మా, ఇది మీ మొదటి కత్తి. విరిగిన చోట వెలుతురులో పెట్టి చూడండి” అని రాసి ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. విరిగిన ముఖం లేత బూడిద రంగులో, మఖమల్ గుడ్డలా, ఎక్కడా పలుకు కనపడకుండా ఉంది. ఉక్కుని అవసరానికి మించి కాలిస్తే ఆ చోట ఇసుక రేణువుల్లా మెరుస్తుంది. అలాంటి అంచు త్వరగా రాలిపోతుంది. ఇందులో ఆ మెరుపు లేదు. ఒక పక్కన మాత్రం వెంట్రుకంత నల్లటి గీత ఉంది. పగులు అదే.

పగిలిన దాన్ని పారేసి ఇంకోటి చేసి పంపినా నాకు తెలిసేది కాదు. కత్తి చేసిన ఆయన దాన్ని రెండుగా విరిచి, లోపల ఏముందో నాకు చూపించారు. ఈ రివ్యూ రాయాలనిపించింది అందుకే. ఆయన పేరు మాత్రం రాయడం లేదు. వరుసలో ఇప్పటికే చాలామంది ఉన్నారని, కొత్త పేర్లు తీసుకునే స్థితిలో లేనని, పేరు బయట పెట్టొద్దని అడిగారు. నేను ఆయన్ని మాస్టారు అనే పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను.

నాది ఎడమచేతి వాటం, చెయ్యి చిన్నది. చెక్క చెక్కుతాను, తోలు పని కొంచెం చేస్తాను. నా దగ్గర పది కత్తులున్నాయి. వాటిలో ఎనిమిదింటి ఒరలు కుడిచేతి వాళ్లకి కుట్టినవే. కత్తి తీసిన ప్రతిసారీ చెయ్యి అడ్డంగా తిప్పుకోవాలి. పిడి లావుగా ఉంటే అరగంట చెక్కేసరికి బొటనవేలి కింద నొప్పి మొదలవుతుంది. అందుకే నా చేతికి సరిపోయే కత్తి ఒకటి చేయించుకుందామనుకున్నాను.

మొదటి ఉత్తరంలోనే నేను పెద్ద జాబితా పంపాను: ఐదు మిల్లీమీటర్ల వెన్ను (పదును లేని పై వైపు), అద్దంలా పాలిష్, లోహపు పొడిని అదిమి చేసే తుప్పు పట్టని పౌడర్ స్టీల్, పిడిలో డిజైన్ ఉన్న పిన్నులు. మాస్టారు జవాబులో ఒక్క ప్రశ్నే అడిగారు. “దీంతో రోజూ ఏం కోస్తారు?” చెప్పాను. ఆ తర్వాత ఫోన్ చేసి నా జాబితాలో ఒక్కొక్కటీ ఎందుకు వద్దో ఓపిగ్గా వివరించారు. వెన్ను అంత మందంగా ఉంటే కత్తి చెక్కలోకి దిగకుండా దాన్ని చీలుస్తుందట, మూడు మిల్లీమీటర్లు చాలన్నారు. అద్దం పాలిష్ మీద మొదటి రోజే గీతలు పడతాయి, తర్వాత వాడాలంటే మీకే మనసొప్పదన్నారు. ఉక్కు దగ్గర మాత్రం “వాడాక తుడిచి పెడతారా, నిజం చెప్పండి” అని అడిగారు. తుడుస్తానన్నాను. అయితే 52100 రకం ఉక్కు తీసుకోండి అన్నారు. అది బేరింగుల కోసం తయారైన ఉక్కు. దాదాపు ఒక శాతం కార్బన్, ఒకటిన్నర శాతం క్రోమియం ఉంటాయి. తుప్పు పడుతుంది, కానీ సన్నటి అంచుని బాగా నిలబెట్టుకుంటుంది, సానరాయి మీద సులువుగా పదును పడుతుంది.

వంచితే విరగదు కదా అని కూడా అడిగాను. అమెరికాలో బిల్ మొరాన్ అనే కత్తుల కమ్మరి, ఇంకొందరు కలిసి 1976లో మొదలుపెట్టిన కమ్మరుల సంఘం అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పెట్టే పరీక్ష గురించి ఎక్కడో చదివాను. వేలాడే తాడుని ఒక్క వేటుకి తెంపాలి, కర్ర దుంగల్ని నరకాలి, ఆ తర్వాత కూడా అదే అంచుతో చేతి వెంట్రుకలు గీకాలి, చివరికి కత్తిని వైస్‌లో బిగించి తొంభై డిగ్రీలు వంచినా విరగకూడదు. మాస్టారు అది మంచి పరీక్షేనన్నారు. అయితే పరీక్ష కోసం చేసే కత్తి వేరు, ఆ పరీక్షతోనే దాని పని అయిపోతుంది, మీ కత్తి వంగాల్సిన అవసరం లేదు అన్నారు. నిజమే, నేను దేన్నీ వంచను.

ఆకారం విషయంలో మాత్రం నా మాట నెగ్గింది. అమెరికాలో పేరున్న కత్తుల తయారీదారు బాబ్ లవ్‌లెస్ పేరుతో ముడిపడిన డ్రాప్ పాయింట్ అనే ఆకారం కావాలన్నాను. మొన దగ్గర వెన్ను మెల్లగా కిందికి వాలుతుంది, పిడిలోకి వెళ్లే తోక వెనక్కి పోయే కొద్దీ సన్నబడుతుంది. తోకకీ పిడికీ మధ్య ఆయన కత్తుల్లో ఉండే ఎర్రటి పట్టీ కూడా అడిగాను. లవ్‌లెస్ ఈ పనిలోకి వచ్చిన కథంటే నాకు చాలా ఇష్టం. 1953లో ఆయన న్యూయార్క్‌లో ఒక దుకాణానికి రాండాల్ అనే తయారీదారు చేసే కత్తి కొనడానికి వెళ్తే తొమ్మిది నెలలు ఆగాలన్నారట. ఆగలేక పాత ప్యాకర్డ్ కారు స్ప్రింగ్‌తో తనే ఒకటి చేసుకున్నారు. ఇంకో పదిహేడేళ్లకి, 1970లో, నైఫ్‌మేకర్స్ గిల్డ్ అనే కత్తుల తయారీదారుల సంఘాన్ని మొదలుపెట్టిన వాళ్లలో ఆయన ఒకరు.

పిడి కొలత తీసుకున్న తీరు నేను ఇంకెక్కడా చూడలేదు. ముందు నా చేతిని కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, పక్కన స్కేలు గీతలు వేసి పంపమన్నారు. పది రోజులకి మామూలు చెక్కతో చేసిన ఉత్త పిడి ఒకటి వచ్చింది. వారం రోజులు దాన్ని పట్టుకుని పని చేస్తున్నట్టే చెయ్యి తిప్పమన్నారు, ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ పెన్సిల్‌తో రుద్దమన్నారు. చూపుడువేలు ఆనే చోట, అరచేతి మడమ తగిలే చోట నల్లగా రుద్ది తిరిగి పంపాను. ఇప్పుడున్న పిడిలో ఆ రెండు చోట్లా ఏ అంచూ లేదు.

అడ్వాన్స్ చాలా కొద్దిగానే తీసుకున్నారు, ఉక్కు కోసేదాకా వెనక్కి అడగొచ్చన్నారు. ఈ విషయం గట్టిగా చెప్పాలి. ఇంతకుముందు ఇంకో చోట మొత్తం సొమ్ము ముందే కట్టి రెండేళ్లు తిరిగాను. అతను మోసగాడేం కాదు. డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది, నా కత్తి అతనికి పాత బాకీలా మారింది, ఫోన్ ఎత్తడానికి మొహమాటపడ్డాడు. చివరికి కత్తి వచ్చింది కానీ అందులో ఇష్టంగా చేసిన పని కనపడలేదు. మొత్తం ముందే ఇవ్వకండి, తీసుకోవడానికి కత్తి చేసేవాళ్లు ఒప్పుకున్నా సరే.

నా వైపు తప్పు కూడా ఉంది. ఆరో నెలలో చెక్క పిడి వద్దు, మైకార్టా (గుడ్డనో కాగితాన్నో రెసిన్‌తో అదిమి చేసే గట్టి పలక) వెయ్యండి అన్నాను. అప్పటికే చెక్క దిమ్మ తెచ్చి ఎండబెట్టి ఉంచారు. మార్చారు కానీ “అమ్మా, ఇదే చివరిది” అన్నారు. వారానికోసారి మెసేజ్ పెట్టడం కూడా అప్పుడే మానేశాను. నాకు జవాబివ్వాలంటే ఆయన గ్రైండర్ ఆపి, చేతులు కడుక్కుని రావాలని అంతవరకు తట్టలేదు.

పదో నెలలో సాయంత్రం ఫోన్. కత్తి గట్టిపడటానికి దాన్ని దాదాపు 830 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిమిలో ఉంచి నూనెలో ముంచిన క్షణానే టిక్కుమని వినిపించిందట. “పగిలింది. మళ్లీ మొదటి నుంచి చేస్తాను, నాలుగు నెలలు పట్టొచ్చు” అన్నారు. నాకు టెన్షన్ వచ్చింది, అబద్ధం చెప్పను. కానీ విషయం అదే రోజు చెప్పారు, నాలుగు నెలలన్నది నాలుగు నెలల్లోనే ఇచ్చారు.

ఇక కత్తి. అంచు పొడవు 95 మిల్లీమీటర్లు. వెన్ను పిడి దగ్గర మూడు మిల్లీమీటర్లు, మొన వైపు పోయే కొద్దీ పలచబడి దాదాపు సగానికి వస్తుంది, అందుకే చేతిలో బరువు ముందుకి లాగదు. కాఠిన్యం, దాన్ని కొలిచే రాక్‌వెల్ స్కేలు మీద, 60 అని రాసిచ్చారు. పిడికీ తోకకీ మధ్య దీపం పెట్టి చూశాను, వెలుతురు ఎక్కడా దూరలేదు. వెన్ను అంచుల్ని నున్నగా గుండ్రం చేశారు, బొటనవేలితో ఎంతసేపు నొక్కినా ఒరుసుకోదు. గీతలన్నీ పొడవునా ఒకే దిక్కుకి ఉన్నాయి. ఎమరీ కాగితంతో చేత్తో రుద్దితేనే అలా వస్తాయి. మూడు వారాల్లో రెండు చెంచాలు, ఒక గరిటె చెక్కాను. అంచుని తోలు పట్టీ మీద రుద్దడమే తప్ప రాయి పట్టాల్సిన పని ఇంకా రాలేదు. బ్లేడు మీద నీలం, బూడిద కలిసిన పొర మెల్లగా పరుచుకుంటోంది.

లోపాలు రెండు. బ్లేడు ఎడమ వైపు, పిడి దగ్గర అంచు వైపు వాలు మొదలయ్యే మూలలో ఒక లోతు గీత మిగిలిపోయింది, ఏటవాలు వెలుతురులో కనిపిస్తుంది. ఒర ఎడమచేతికే కుట్టారు, కుట్టు చక్కగా ఉంది, కానీ మొదటి వారం మరీ బిగువు. కత్తి లాగడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చింది. ఇప్పుడు కాస్త వదులైంది. రెండూ మాస్టారికి చెప్పాను. గీత విషయంలో సాకులు చెప్పలేదు, వెనక్కి పంపితే మళ్లీ రుద్దిస్తానన్నారు. నేనే పంపలేదు, దాన్ని వదిలి ఉండలేక.

తోలు ఒరలోనే కత్తిని దాచుకునే వాళ్లకి ఒక మాట. తోలులోని ఆమ్లం, తేమ కలిసి ఇలాంటి ఉక్కుకి మచ్చలు తెస్తాయి. పని అయ్యాక తుడిచి, పలచగా మినరల్ ఆయిల్ రాసి విడిగా పెట్టండి.

నిన్న ఫోటోలు పంపితే మాస్టారు కత్తి అందం గురించి ఏమీ అనలేదు. పిడి మీద ఎక్కడెక్కడ మెరుపు వస్తోందో దగ్గరగా తీసి పంపమన్నారు. మైకార్టా చెయ్యి ఆనిన చోట నున్నబడుతుంది కదా, వేలు ఎక్కడ కూర్చుంటోందో ఆయనకి అందులో తెలుస్తుందట. వరుసలో ఇంకో ఎడమచేతి ఆవిడ ఉన్నారని, ఆవిడ పిడికి నా ఫోటోలు పనికొస్తాయని చెప్పారు. ఆరు నెలలయ్యాక కత్తి ఒకసారి పంపమన్నారు, అంచు ఎలా అరిగిందో చూడాలని.