పాత అల్యూమినియం కిటికీలకు స్ప్రే రంగు: మూడు వానాకాలాలు గడిచాక

మా కిటికీ ఫ్రేములకు స్ప్రే రంగు వేయించిన తర్వాత మూడు వానాకాలాలు గడిచాయి. దాని గురించి ఎవరు అడిగినా నేను ముందుగా చెప్పే మాట ఒకటే: ఫ్రేము చుట్టూ సందులు మూయడానికి పట్టించిన పాత సిలికాన్‌ను ఎవరు తీస్తారో, ఎలా తీస్తారో పెయింటర్‌తో తేల్చుకున్న తర్వాతే పని మొదలుపెట్టించండి. ఏ కంపెనీ రంగు, ఎన్ని చేతులు, ఏ ఛాయ అన్నవన్నీ ఆ తర్వాతి సంగతులు. ఈ ఒక్క విషయంలో నా మనసులో ఇప్పటికీ బాధ ఉంది. మిగతా పని అంత బాగా కుదిరింది కాబట్టే ఆ బాధ మరింత ఎక్కువ.

మాది హనుమకొండలో 2001లో కట్టిన ఇల్లు. ముందు భాగాన్ని కొత్తగా మార్చి, గోడలకు తెలుపు, లేత బూడిద రంగుల్లో టెక్స్‌చర్ వేయించి, వరండా స్తంభాలకు కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ పెట్టించిన తర్వాత, వెండి ఛాయలో ఉన్న పాత అనోడైజ్డ్ స్లైడింగ్ కిటికీలు మాత్రం దేనికీ నప్పకుండా మిగిలిపోయాయి. సెక్షన్లు, అంటే ఫ్రేములోని అల్యూమినియం పట్టీలు, గట్టిగానే ఉన్నాయి, రోలర్లు మార్పించగానే షట్టర్లు ఇబ్బంది లేకుండా జరిగాయి. కొత్త కిటికీలు పెట్టించాలంటే ఫ్రేములను గోడలోంచి పెకలించాలి, దానితో కొత్త టెక్స్‌చరూ, కిటికీ కింది గ్రానైట్ గట్టూ దెబ్బతింటాయి. పౌడర్ కోటింగ్‌కూ అదే అడ్డంకి, ఎందుకంటే లోహం మీద చల్లే ఆ రంగు పొడి కరిగి పట్టుకోవడానికి 180 నుంచి 200 డిగ్రీల వేడి ఉండే ఓవెన్ కావాలి, గోడలో బిగించి ఉన్న ఫ్రేముకు అది కుదరదు. అందుకని 2023 జనవరిలో, కార్లకు కొట్టే తరహా టూకే పీయూ రంగును (గట్టిపరిచే హార్డెనర్ కలిపి కొట్టే పాలీయురెథేన్ రంగు) మాట్ బొగ్గు బూడిద ఛాయలో, ఆర్‌ఏఎల్ ఛాయల పట్టికలోని 7016 నంబరుకు కలిపించి, ఉన్నచోటనే స్ప్రే చేయించాము. ఖర్చు కొత్త కిటికీలకు చెప్పిన ధరలో నాలుగో వంతు కూడా కాలేదు.

ముందు బాగా కుదిరిన సంగతి చెబుతాను. అనోడైజింగ్ అంటే అల్యూమినియం మీద విద్యుత్తు సాయంతో పెంచిన ఆక్సైడ్ పొర. అది గట్టిగా, నున్నగా ఉంటుంది కాబట్టి మామూలు రంగుకు అక్కడ పట్టు దొరకదు. మా వీధిలో ఒకరు ఇనుప గేటుకు వేసినట్టే రెడాక్సైడ్ కొట్టించి, పైన ఎనామిల్ వేయిస్తే, ఏడాది తిరగకముందే పెచ్చులుగా లేచిపోయింది. మా పెయింటర్ కార్ల షెడ్డులో పని నేర్చుకున్న కుర్రవాడు కావడం మాకు కలిసివచ్చింది. అతను ఫ్రేములను సబ్బునీళ్లతో కడిగి, ఆరిన తర్వాత 320 నంబరు వాటర్ పేపర్‌తో మెరుపంతా పోయి ఒకే తీరుగా మసకబారేవరకు ఓపికగా రుద్ది, పలచగా ఎచ్ ప్రైమర్ కొట్టి, దానిమీద రంగు రెండు చేతులు వేశాడు. ఎచ్ ప్రైమర్‌లోని ఆమ్లం లోహం పైభాగాన్ని సన్నగా కొరికి, పైన వేసే పొరకు పట్టునిస్తుంది. ఈ పనికి చలికాలమే మేలు. మే నెల ఎండలో స్ప్రే గన్ నుంచి వెలువడిన రంగు ఫ్రేమును చేరేలోపే ఆరిపోయి గరుకుగా కూర్చుంటుంది. ఒక జాగ్రత్త మాత్రం మరువకూడదు. ఈ రంగు హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి కాబట్టి కొట్టేవారికి మామూలు గుడ్డ మాస్కు చాలదు, పిల్లలనూ పెద్దవాళ్లనూ ఆ రోజులకు వేరే ఇంట్లో ఉంచడం మంచిది.

ఆ రంగు పట్టు ఎంతటిదో మాకు కోతుల వల్ల తెలిసింది. మా ప్రాంతంలో కోతుల బెడద గురించి ఇక్కడివారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. అవి సజ్జా మీదినుంచి దిగి, షట్టరు అంచును గోళ్లతో పట్టుకుని, గడియ పెట్టని కిటికీని పక్కకు జరపడం కూడా నేర్చుకున్నాయి. మొదటిసారి అవి వంటగది కిటికీకి వేలాడటం చూసినప్పుడు, రంగు పని అయిపోయినట్టేనని మా ఇంట్లో అందరమూ అనుకున్నాము. పొద్దుటి ఏటవాలు వెలుతురులో దగ్గరగా చూస్తే వెంట్రుక మందంలో గీతలు కనిపిస్తాయి గాని, వాటిలో ఏ ఒక్కదాని అడుగునా లోహం బయటపడలేదు, గీత అంచున రంగు లేవలేదు. అదంతా చూసిన సంతోషంలో ఆ వేసవిలో వచ్చిన చుట్టాలందరికీ ఏ సందేహమూ పెట్టుకోకుండా చేయించుకోమని చెప్పాను. ఇప్పుడూ చేయించుకోమనే చెబుతాను, అయితే కొన్ని షరతులతో.

2023 జూలై చివరి వారంలో కురిసిన వానలను ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది, హనుమకొండలో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. మా ఇంట్లోకి వరద రాలేదు గాని, పడమటి కిటికీలకు జల్లు విడవకుండా కొట్టింది. వాన తెరపి ఇచ్చాక చూస్తే, కింది ఫ్రేము గ్రానైట్ గట్టును తాకే చోట రంగు ఉబ్బి ఉంది. గోటితో అంచును కొద్దిగా లేపగానే, కాచిన పాల మీది మీగడలా, మూరెడు పొడవున ఒకే పొరగా చేతిలోకి వచ్చేసింది. ప్రైమర్ కూడా రంగు వెనకాలే అతుక్కుని వచ్చింది. కింద మిగిలిన పాత సిలికాన్ మెరుస్తూ, వేలికి జిడ్డుగా తగిలింది. అంటే లోపం రంగులో లేదు, ప్రైమర్‌లోనూ లేదు. అవి రెండూ ఒకదాన్నొకటి గట్టిగానే పట్టుకున్నాయి, కింద మాత్రం వాటికి నిలదొక్కుకునే చోటు లేకపోయింది.

పని జరుగుతున్నప్పుడే నేను ఆ సిలికాన్ గీతను చూపించి, “ఇది తీయవా తమ్ముడూ?” అని అడిగాను. “ఏం గాదు సార్, మీదికెళ్లి కొడ్తె అంత కలిసిపోతది” అన్నాడు. ఎత్తుగా ఉన్నచోట కత్తితో కోసి, మిగిలినదాన్ని థిన్నర్ గుడ్డతో తుడిచి, అదే గుడ్డతో పక్కనున్న ఫ్రేమును కూడా తుడిచాడు. నా బాధంతా ఇక్కడే ఉంది. సిలికాన్ మీద ఏ రంగూ అతుక్కోదు, ఆ మాట చాలామందికి తెలుసు. అంతకంటే చిక్కైన సంగతి ఏమిటంటే, దాన్ని కోసి రుద్దినప్పుడు దాని జిడ్డు చుట్టుపక్కల లోహానికి కంటికి కనబడని పొరగా పూసుకుంటుంది, గుడ్డ వెళ్లినంత దూరమూ అది కూడా వెళుతుంది. ఆ జిడ్డు మీద తడి రంగు పడితే చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. కార్ల షెడ్డుల్లో దీన్ని ఫిష్ ఐ అంటారు. మా పడమటి కిటికీ కింది పట్టీ మీద రంగు వేసిన రోజే అలాంటి గుంటలు పడ్డాయి. అతను వాటిని చూశాడు, మరొక చేయి బరువుగా కొట్టి మూసివేశాడు. కారు డోరు మీద అవే గుంటలు పడి ఉంటే అతను పని ఆపి, రంగంతా తీసివేసి, మళ్లీ మొదలుపెట్టేవాడని నా నమ్మకం. కిటికీని కూడా అంత గౌరవంగా చూడకపోవడమే నన్ను బాధించింది.

అతని గురించి మంచి కూడా చెప్పాలి. ఫోన్ చేయగానే వచ్చాడు, ఊడిన పట్టీని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూశాడు, ఏమీ వాదించలేదు. వానలు తగ్గి చలి మొదలైన తర్వాత పడమటి కిటికీలనూ వీధివైపు కిటికీలనూ కూలి తీసుకోకుండా మళ్లీ చేశాడు. ఈసారి సిలికాన్‌ను రెండు వైపులా బ్లేడుతో కోసి పట్టీగా లాగి, మిగిలిన పొరను సిలికాన్ రిమూవర్‌తో నానబెట్టి ప్లాస్టిక్ గీకుడు చెక్కతో తీశాడు. ప్రతి తుడుపుకూ గుడ్డ మార్చాడు. జిడ్డు పూర్తిగా పోయిందని తేలిన తర్వాతే వాటర్ పేపర్ పట్టుకున్నాడు, ఎందుకంటే ముందే రుద్దితే జిడ్డు ఆ గీతల్లోకి దిగి ఇక వదలదు. పోయిందా లేదా అని చూడటానికి అతను చేసిన పరీక్ష నాకు బాగా నచ్చింది. ఫ్రేము మీద నీళ్లు చల్లాడు. శుభ్రమైన చోట నీరు పలచటి పొరగా పరుచుకుంది, మూల దగ్గర ఒక చోట మాత్రం బొట్లు బొట్లుగా విడిపోయింది. ఆ చోటును మళ్లీ శుభ్రం చేసి, మళ్లీ నీళ్లు చల్లి చూశాకే ప్రైమర్ కలిపాడు. రంగు వేసి, అది పూర్తిగా గట్టిపడటానికి వారం రోజులు వదిలి, ఆ తర్వాత కొత్త సిలికాన్ పట్టించాము. వెనిగర్ వాసన వచ్చే రకం లోహానికి మంచిది కాదు కాబట్టి న్యూట్రల్ రకం తెప్పించాము. కింది ట్రాక్‌లో వాన నీరు బయటకు పోవడానికి ఉండే సన్నటి రంధ్రాల్లో రెండు మొదటిసారి రంగుతో పూడుకుపోయాయి, వాటిని కూడా అప్పుడే పొడిచి తెరిపించాను. మళ్లీ చేసిన ఆ కిటికీల్లో 2024, 2025 వానలకు అంచు ఎక్కడా లేవలేదు. తూర్పు వైపు కిటికీలకు మాత్రం మొదటి రంగే ఉంది. అవి ఇప్పటికీ బాగానే ఉన్నాయి గాని, వాటి మీద సజ్జా వెడల్పుగా ఉండి జల్లు తగలదు కాబట్టి దాన్ని రంగు గొప్పతనంగా నేను లెక్కపెట్టడం లేదు.

ఇక ఛాయ విషయం. ఇంటి ముందు నిలబడి చూస్తే బొగ్గు బూడిద రంగు తెల్ల గోడల మధ్య ఇప్పటికీ నిండుగా ఉంది, వెలిసిపోలేదు. అయితే ముదురు రంగు ఎండకు ఎక్కువగా వేడెక్కుతుంది. అల్యూమినియం ఒక్కో డిగ్రీకి మీటరుకు 0.023 మిల్లీమీటర్లు సాగుతుంది. ఒకటిన్నర మీటర్ల పట్టీ తెల్లవారుజాము నుంచి సాయంత్రపు పడమటి ఎండలోపు 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1.4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఫ్రేము మూలల్లో రెండు సెక్షన్లు స్క్రూలతో కలిసే చోట రంగు పొర ఆ కదలికను తట్టుకోలేక సన్నగా చీలింది. పెచ్చు లేవలేదు, కానీ చీలిక ఉంది, దాన్ని చూసిన కన్ను మళ్లీ అక్కడికే పోతుంది. షట్టర్లు ఒకదానికొకటి రాసుకునే ఇంటర్‌లాక్ అంచున పాత వెండి రంగు గీతగా బయటపడింది. ట్రాక్‌కు రంగు వద్దని ముందే చెప్పి టేపు వేయించాను, వేసి ఉంటే అక్కడా ఇదే జరిగేది. మాట్ రంగు దుమ్మును కొంచెం ఎక్కువగానే పట్టుకుంటుంది, తడి మెత్తటి గుడ్డతోనే తుడవాలి. గిన్నెలు తోమే పీచుతో రుద్దితే ఆ చోటు నిగనిగలాడుతూ వేరుగా కనబడుతుంది.

నా పరిస్థితిలో ఈ పని సరైనదే. సెక్షన్లు బాగున్నాయి, ఇది సొంత ఇల్లు, పని తెలిసి పిలిస్తే వచ్చే మనిషి దొరికాడు, పగలు దగ్గరుండి చూసుకునే తీరిక నాకు ఉంది. ఫ్రేములు పాడై పొడి రాలుతున్నవారికి, నెల రోజుల్లో ఇల్లు ఖాళీ చేసి అద్దెకు ఇవ్వబోయేవారికి, వేసవిలోనే గృహప్రవేశం పెట్టుకున్నవారికి నేను దీన్ని సూచించను. మేడ మీది కిటికీలు ఇంకా వెండి రంగులోనే ఉన్నాయి. ఈ చలికాలంలో వాటిని కూడా అదే కుర్రవాడితో చేయించాలని అనుకుంటున్నాను. సిలికాన్ తీయడానికి ఒక రోజు కూలి విడిగా ఇస్తానని ముందే ఒప్పుకున్నాను, నీళ్లు చల్లి చూపించిన తర్వాతే గన్ పట్టుకుంటానని అతనూ ఒప్పుకున్నాడు. పడమటి వైపు రెండింటికి మాత్రం బొగ్గు బూడిదకు బదులు కొంత లేత ఛాయ వేయించాలా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.