ఫ్రెంచి తొలి ఏడాదిలో పిల్లల చేత రాయించడానికి ఏది మేలు: హైకూనా, సింకేనా?

మాధ్యమిక తరగతుల్లో కొత్తగా ఫ్రెంచి నేర్చుకొనే పిల్లల చేత కవిత రాయించాలనుకొన్న ఉపాధ్యాయులకు మొదట తోచేది హైకూ. మూడు పాదాలు, 17 అక్షరాలు. పట్టుమని 200 మాటలైనా రాని పిల్లలకు ఇంతకన్నా అనువైనది ఉండదని వారి ఆలోచన. పొట్టిదైనంత మాత్రాన తేలిక కాదు. ఆ కవితారూపం పెట్టే నియమం, పిల్లలు ఆ వారం నేర్చుకొంటున్న వ్యాకరణం ఒకదానికొకటి తోడ్పడుతున్నాయా అన్నదే ఇక్కడ చూడవలసిన సంగతి. అలా చూసినప్పుడు తొలి ఏడాదికి అయిదు పాదాల చిట్టి కవిత అయిన సింకేన్ మేలని నా గట్టి అభిప్రాయం.

హైకూలోని 5-7-5 లెక్క జపాను భాషలో మన మాత్రలకు దగ్గరగా ఉండే ప్రమాణంతో సాగుతుంది. ఫ్రెంచిలో దానిని అక్షరాలతో లెక్కించవలసి రావడంతో చిక్కు మొదలవుతుంది. రాతలో కనిపిస్తూ, మాట్లాడేటప్పుడు తరచు జారిపోయే మూగ అచ్చు ఒకటి ఆ భాషలో ఉంది. ఫ్రెంచివారు దానిని 'అ ముయె' అంటారు. సంప్రదాయ ఛందస్సులో దాని తర్వాత హల్లు వస్తే అది లెక్కకు వస్తుంది, అచ్చు వస్తే కలిసిపోతుంది, పాదం చివర ఉంటే లెక్కకు రాదు. చిన్న బల్ల అనే అర్థంలో 'లా పతీత్ తాబ్ల్' అని రాసిన పిల్లవాడికి ఛందస్సు ప్రకారం లా-ప-తీ-త-తాబ్ల్ అని 5 అక్షరాలు వస్తాయి; మామూలు వాడుకలో లా-ప్తీత్-తాబ్ల్ అని 3 మాత్రమే వినిపిస్తాయి. ఉచ్చారణే ఇంకా కుదురుకోని పిల్లలకు ఈ రెండు లెక్కలూ నేర్పడం భారమే కాక, వారు విన్న పలుకుబడి మీద వారికే అనుమానం కలిగించడం కూడా అవుతుంది. మరొక ఇబ్బంది ఏమిటంటే, క్లుప్తత కోసం పిల్లలు మొదట వదిలేసేది నామవాచకం ముందుండే ఆర్టికల్‌ను. ఫ్రెంచి నేర్చుకొనే తొలి రోజుల్లో అస్సలు వదలకూడనిది కూడా అదే.

సింకేన్ అనే అయిదు పాదాల రూపాన్ని తీర్చిదిద్దింది అమెరికా కవయిత్రి అడిలైడ్ క్రాప్సీ (1878–1914). ఆమె రూపంలో పాదాలకు వరుసగా 2, 4, 6, 8, 2 అక్షరాలుంటాయి కనుక దానిని యథాతథంగా తీసుకొంటే మళ్ళీ పాత చిక్కే ఎదురవుతుంది. తరగతులకు పనికివచ్చేది తర్వాత బడుల్లో వ్యాపించిన, మాటలను లెక్కించే రూపం: మొదటి పాదంలో ఆర్టికల్‌తో ఒక నామవాచకం, రెండో పాదంలో రెండు విశేషణాలు, మూడో పాదంలో మూడు క్రియలు, నాలుగో పాదంలో నాలుగు మాటల వాక్యం, చివర ఒక్క మాట. మంచు మీద ఒకటి ఇలా ఉండవచ్చు:

లా నేజ్
బ్లాఁష్, ఫ్రువాద్
తోఁబే, కువ్రీర్, బ్రియే
ల జార్దేఁ దోర్ ఆఁకోర్
సిలాఁస్

మంచు, తెల్లనిది, చల్లనిది, రాలడం, కప్పడం, మెరవడం, తోట ఇంకా నిద్రలోనే ఉంది, నిశ్శబ్దం. ఇందులో 'నేజ్' స్త్రీలింగం కావడం వల్లనే విశేషణాలు 'బ్లాఁష్', 'ఫ్రువాద్' అయ్యాయి. అదే కవితను ఆకాశం మీద, అంటే పుంలింగమైన 'ల సియెల్' మీద తిరిగి రాయమంటే అవి 'బ్లాఁ', 'ఫ్రువా' అవుతాయి. పట్టిక ఇచ్చి బట్టీ పట్టించినప్పుడు కంటికి మాత్రమే తెలిసే ఈ తేడా, కవిత చదివేటప్పుడు చెవికి తెలుస్తుంది. మూడో పాదంలోని క్రియలు నిఘంటువులో ఉన్న రూపంలోనే ఉంటాయి కాబట్టి క్రియారూపాలు రాని పిల్లలు కూడా ధైర్యంగా రాయగలరు; నాలుగో పాదంలో మాత్రం ఒక్క క్రియను కర్తకు తగినట్టు మార్చవలసి ఉంటుంది. తేలిక నుంచి కష్టానికి ఇంత చక్కగా నడిపించే రూపం చిట్టి కవితల్లో మరొకటి నాకు కనిపించలేదు.

సింకేన్‌కు లోపం లేకపోలేదు. ఖాళీలు పూరించే అభ్యాసంలా మారిపోయే ప్రమాదం దానికి ఎప్పుడూ ఉంది, ముఖ్యంగా చివరి పాదంలో మొదటి పాదానికి పర్యాయపదం రాయమన్నప్పుడు. పర్యాయపదం వద్దని, నాలుగు పాదాలు చదివాక మనసులో మెదిలిన మాట రాయమని చెబితే కవిత్వం అక్కడ పుడుతుంది. ఆర్టికల్ కుదించుకుపోయి నామవాచకంతో కలిసిపోయిన 'లార్బ్ర్' (చెట్టు) వంటివి వచ్చినప్పుడు దానిని ఒక మాటగా లెక్కించాలో రెండుగా లెక్కించాలో కూడా ముందే నిర్ణయించాలి.

పేరులోని అక్షరాలను నిలువుగా పేర్చి రాసే ఆక్రోస్టిక్, అక్షరాల పేర్లు నేర్పే మొదటి వారాలకు సరిపోతుంది. ఇంగ్లీషు అలవాటు వల్ల తారుమారయ్యే 'జీ', 'జే' అక్షరాల పేర్లు దానితో స్థిరపడతాయి. అంతకు మించి వాక్యం నేర్పదు. గియోమ్ అపోలినేర్ 1918 నాటి సంపుటితో పేరుపొందిన కలిగ్రామ్, అంటే మాటలనే బొమ్మగా అమర్చే కవిత, రాయడానికి జంకే పిల్లలకు మేలు చేస్తుంది. 'ఇల్ ప్లో' (వాన కురుస్తోంది) అన్న ఒక్క వాక్యాన్ని వానచినుకుల్లా పదిసార్లు రాసినా ఆ వాక్యం తప్పు లేకుండా చేతికి వస్తుంది. అయితే బొమ్మకే పీరియడ్ అంతా గడిచిపోకుండా చూసుకోవాలి.

హైకూను పూర్తిగా పక్కన పెట్టమని నేను అనను. దాని చోటు రెండో ఏడాదిలో, ఆర్టికల్ తడుముకోకుండా పడే దశలో ఉంది. ఫ్రెంచిలో తొలి హైకూ సంపుటిగా చెప్పుకొనే పుస్తకాన్ని 1905లో తన ఇద్దరు మిత్రులతో కలిసి తెచ్చిన పోల్-లూయి కూషూ కూడా 5-7-5 లెక్కకు కట్టుబడలేదు. కాబట్టి మూడు పాదాలు, రుతువును తెలిపే ఒక మాట, ప్రతి నామవాచకానికి తగిన ఆర్టికల్ అని నియమం పెడితే చాలు. లెక్క కావాలని ముచ్చటపడే పిల్లలుంటే, పైకి చదివి వేళ్ళ మీద లెక్కించమనాలి. నోట పలికిన అక్షరాన్నే లెక్కలో చేర్చుకోమనాలి.