కాంచనబురికి ఒక్కపూట టూర్ వద్దు

థాయ్‌లాండ్ ప్యాకేజీ కొనేవాళ్లకి ముందే చెప్తున్నా, కాంచనబురిని బ్యాంకాక్ నుంచి వెళ్లొచ్చే టూర్‌లో పెట్టించుకోకండి. హిమాయత్‌నగర్‌లో మేం బుక్ చేసుకున్న ఏజెంట్ మనిషికి 4,200 తీసుకున్నాడు. కాగితం మీద యుద్ధఖైదీల శ్మశానం, క్వాయ్ నది వంతెన, రైలు దారికోసం ఖైదీలు చేత్తో కొండని చీల్చిన హెల్‌ఫైర్ పాస్ అన్నీ ఉన్నాయి. తీరా వెళ్తే శ్మశానంలో ఇరవై నిమిషాలు, రత్నాల షాపులో గంటన్నర! హెల్‌ఫైర్ పాస్ సంగతి అడిగితే టైమ్ లేదని గైడ్ చేతులెత్తేశాడు.

మావయ్యగారు రైల్వేలో ట్రాక్ పని చూసి రిటైరైన మనిషి. ఈ ట్రిప్‌కి ఒప్పుకున్నదే ఆ లైను కోసం. రెండో ప్రపంచయుద్ధంలో, 1942-43లో జపాన్ సైన్యం బర్మాదాకా వేయించిన 415 కిలోమీటర్ల మీటర్‌గేజ్ అది. 60 వేలకు పైగా యుద్ధఖైదీల్ని దింపితే 12 వేలకు పైగా పోయారు. వ్యాన్‌లో ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. అత్తయ్యగారు పులిహోర డబ్బా చాపితే "ఆకలి లేదు" అని కిటికీవైపు తిరిగారు.

అందుకే పట్టాయా మానేసి సొంతంగా మళ్లీ కాంచనబురికి బయల్దేరాం, పిల్లలు అలిగారు. బ్యాంకాక్‌లోని థోన్‌బురి స్టేషన్‌లో ఉదయం 7:45 రైలెక్కాం, టికెట్ 100 బాత్. కాంచనబురిలో నదిమీద తేలే గది అని మోజుపడి 900 బాత్ పోశాం. దోమతెరకి చిరుగు, అర్ధరాత్రిదాకా కరోకే పడవల గోల. రోడ్డువైపు గది తీసుకోండి, సుఖం.

హెల్‌ఫైర్ పాస్ మ్యూజియం ఆస్ట్రేలియా ప్రభుత్వం నడిపేది, ప్రవేశం ఉచితం. ఆడియో గైడ్ తప్పక తీసుకోండి. క్యాంపుల్లో బతికి బయటపడ్డవాళ్లే మాట్లాడతారు. ఒకడు ఉలి పట్టుకుంటే ఇంకొకడు సమ్మెటతో కొట్టడం, రాత్రిళ్లు వెదురు మంటల వెలుగులో పని, కలరా వస్తే డాక్టర్లు వెదురు గొట్టాలతో సెలైన్ ఎక్కించడం. బండలో విరిగి ఇరుక్కున్న ఉలి ముక్క ఇప్పటికీ ఉంది. మావయ్యగారు దానిమీద వేలు పెట్టి, "చేత్తో కొట్టిందేనమ్మా, గాడి చూడు ఎలా పడిందో" అన్నారు. మెట్లు మాత్రం మోకాళ్లకి పరీక్షే. అత్తయ్యగారు పైనే ఉండిపోయారు.

శ్మశానానికి మళ్లీ తీరిగ్గా వెళ్లాం. దాదాపు ఏడు వేల సమాధులు. నీకే (Nieke) అనే క్యాంపులో, ఎక్కువగా 1943 మే, జూన్‌లలో కలరాతో పోయిన 300 మంది అస్థికలు రెండే రెండు సమాధుల్లో ఉన్నాయి. ప్రవేశ మండపంలో అవిభక్త భారత సైన్యానికి చెందిన 11 మంది పేర్లున్నాయి. గైడ్ మమ్మల్ని వాటి పక్కనుంచే నడిపించుకుపోయాడు, చూపిస్తే ఒట్టు! మలయా తోటలనుంచి పట్టుకొచ్చిన కూలీల పేర్లు మాత్రం ఇక్కడ లేవు. వాళ్లలో తమిళులు ఎక్కువ, మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఖైదీలకన్నా ఎన్నో రెట్లు చచ్చింది వాళ్లే.

వచ్చాక ఏజెంట్‌ని నిలదీస్తే మనిషికి 600 వాపసు ఇస్తానన్నాడు. మావయ్యగారు వద్దన్నారు. మొత్తం 4,200 కావాలట. కార్బన్ కాపీ పెట్టుకుని మరీ అర్జీ రాసిచ్చి వచ్చారు.