పొగాకు మల్లెపై వేపనూనె: ఏడు పంటల అనుభవం

2022లో ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు మారిన కందుకూరు పక్కన మాకు మూడెకరాల పొగాకు చేను ఉంది. 2017 నుంచి వరుసగా ఏడు పంటల్లో పొగాకు మల్లె మీద, అంటే పొగాకు వేరును పట్టుకొని బతికే, కొన్ని ఊళ్లలో బోడు అనే పరాన్న కలుపు మీద, వేప సరుకునే వాడి చూశాను.

మొదటి రెండేళ్లు ఐదు శాతం వేపగింజల కషాయం పిచికారీ చేశాను. నారుమడిలో లద్దె పురుగుకు అది బాగా పనికొచ్చింది కానీ మల్లెను తాకనైనా లేదు. కారణం తర్వాత అర్థమైంది. మల్లెకు పచ్చని ఆకు లేదు. పొగాకు వేరును పట్టుకొని కొన్ని వారాలు మట్టిలోనే పెరిగి, పూత కోసం మాత్రమే పైకి వస్తుంది. మనకు మొలక కనపడేసరికే పొగాకు మొక్క సారం సగం పోయి ఉంటుంది. నీటిలో కలిపి పారిస్తే మల్లె మొలవదని చెప్పి ఒక దుకాణంలో ఇచ్చిన మొక్కల సారం సీసా కూడా ఒక ఏడాది వాడాను. పోసిన సాళ్లకూ పోయని సాళ్లకూ తేడా కనపడలేదు.

2019 నుంచి వేపనూనెనే నేరుగా చుక్కలుగా వేస్తున్నాను. నాటిన నలభై రోజులకు అడుగాకు ఎత్తి చూస్తే, మట్టిని చీల్చుకొని తెల్లని వేలి కొస లాంటి మొగ్గ కనిపిస్తుంది. దాని కొన మీద రెండు చుక్కలు పడితే కొద్ది రోజుల్లోనే నల్లబడి కుళ్లిపోతుంది. ఊదా పూలు విచ్చిన కాడకు మాత్రం నూనె వేసి వదిలేయకుండా పీకి, చేను బయటకు తెచ్చి కాల్చాలి, ఎందుకంటే పీకిన కాడలోనూ గింజ ముదురుతుంది. ఒక్క మొక్కకు లక్షకు పైగా గింజలు, దుమ్ములాంటివి, మట్టిలో పదేళ్లకు పైగా బతికే ఉంటాయి. 2020లో నేను జ్వరంతో పది రోజులు చేలోకి వెళ్లలేకపోయాను. ఆ పది రోజుల్లో రాలిన గింజతో ఆ తర్వాత రెండు పంటలు అవస్థ పడ్డాము.

చలి ఉదయాల్లో వేపనూనె గడ్డకట్టి బుడ్డి నోట దిగదు కాబట్టి, ఎండలో కాసేపు ఉంచి పది దాటాక మొదలుపెడతాము. ఆకు మీద పడకుండా చూసుకోవాలి, పడినచోట మచ్చ వస్తుంది. కిరసనాయిలు కూడా మొలకను చంపుతుంది, కానీ అమ్మే ఆకుకు ఆ వాసన అంటుతుందేమోనని నేను వాడలేదు. నూనె ఖర్చు భారం కాదు. నాలుగు రోజులకోసారి వంగి సాలు సాలూ వెతికే కూలి అసలు భారం, చిన్న కమతానికి తప్ప ఇది కుదరదు.

నూనె వేసిన మొలకే చస్తుంది, మట్టిలోని విత్తనం కాదు. అందుకే 2021 నుంచి పొగాకుకు ముందు నువ్వులు వేస్తున్నాము. నువ్వు వేరు స్రవించే పదార్థానికి మల్లె గింజ మేల్కొని మొలుస్తుంది, పట్టుకోవడానికి తగిన వేరు దొరకక చనిపోతుంది. మా చేలో మల్లె తగ్గడంలో నూనె కన్నా నువ్వుల పాత్రే ఎక్కువని నా అభిప్రాయం. నూనె మాత్రం కొత్త గింజ రాలకుండా కాపాడుతోంది. పై చేల వాన నీరు దిగే మూలలో ఇప్పటికీ మొలకలు వస్తూనే ఉన్నాయి, అక్కడికి బుడ్డి పట్టుకొని వెళ్లడం మానలేదు.