బండబర్గ్ వర్కింగ్ హాస్టల్‌లో పద్నాలుగు వారాలు: ఒక సమీక్ష

డిగ్రీ పూర్తయ్యాక పీజీలో చేరే ముందు ఒక ఏడాది విరామం తీసుకుని ఆస్ట్రేలియా వెళ్ళిన నేను, 2025 మార్చి నుంచి జూన్ వరకు క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని బండబర్గ్ పట్టణంలో ఒక వర్కింగ్ హాస్టల్‌లో ఉన్నాను. వర్క్ అండ్ హాలిడే వీసా (సబ్‌క్లాస్ 462) భారతీయులకు అందుబాటులోకి వచ్చింది 2024 అక్టోబరులోనే. 18 నుంచి 30 ఏళ్ళ వయసున్న దరఖాస్తుదారుల్లో ఏటా వెయ్యి మందికి లాటరీ పద్ధతిలో అవకాశం ఇస్తున్నారు. ఈ దారిన వెళ్ళిన మనవాళ్ళు ఇంకా తక్కువ కాబట్టి ఇలాంటి హాస్టళ్ళ మంచిచెడ్డలు తెలుగులో చెప్పేవారూ తక్కువే. హాస్టల్ పేరు రాయడం లేదు. పేరు కంటే అది నడిచే పద్ధతి తెలుసుకోవడమే వెళ్ళబోయేవారికి ఎక్కువ ఉపయోగమని నా ఉద్దేశం.

వర్కింగ్ హాస్టల్ అంటే మంచంతోపాటు పొలంపని కూడా చూపించే వసతి. వీసాను రెండో ఏడాదికి తీసుకోవాలనుకునేవారు మొదటి ఏడాదిలో, ప్రభుత్వం గుర్తించిన ప్రాంతాల్లో, గుర్తించిన పనులు మూడు నెలలు చేసి ఉండాలి. పంటలపని అందులో ఒకటి. చిలగడదుంప, చెరకు, మకడేమియా గింజలు, అవకాడో విరివిగా పండే బండబర్గ్‌కు విరామ సంవత్సరపు కుర్రకారు వరసకట్టేది ఇందుకే.

గదుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. గదికి ఆరుగురం, మంచాలు గట్టివి, దుప్పట్లు శుభ్రమైనవి. మార్చి నెల ఉక్కపోతకు రెండు ఫ్యాన్లు చాలేవి కావు, అంతే.

వంటగది మాత్రం ఈ హాస్టల్‌లో అన్నిటికంటే మంచి భాగం. సాయంత్రం ఆరింటికి తైవాన్, ఫ్రాన్స్, ఇటలీ, అర్జెంటీనా పిల్లలందరూ అక్కడే చేరేవారు. ఇంటి నుంచి దూరంగా ఎప్పుడూ ఉండని నాకు మొదటి పదిరోజులు నోట మాట వచ్చేది కాదు. వెళ్ళిపోయేవారు మిగిలిన సరుకులు వదిలిపెట్టే అరలో దొరికిన కందిపప్పుతో ఒకరోజు పప్పు చేసి, ఎండుమిరపకాయలతో పోపు పెట్టగానే పొగకు అలారం మోగి, అందరం వీధిలోకి వెళ్ళి నిలబడవలసి వచ్చింది. సిగ్గుతో కుంచించుకుపోయిన నన్ను మేనేజరు ఒక్క మాట అనలేదు. తలుపులు, అలారాలు అన్నీ చూసుకుని వచ్చి, ఇక్కడికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని చిల్డర్స్ అనే ఊళ్ళో 2000 జూన్‌లో బ్యాక్‌ప్యాకర్ హాస్టల్ తగలబడి పదిహేనుమంది యువతీయువకులు చనిపోయిన సంగతి చెప్పారు. ఆ తరవాత ఒక ఆదివారం చిల్డర్స్ వెళ్ళి ఆ భవనంలోని స్మారకం చూసి వచ్చాను. నా వయసువాళ్ళే, నాలాగే పళ్ళు, కూరగాయలు కోయడానికి వచ్చినవాళ్ళే. అప్పటినుంచి ఏ హాస్టల్‌లో దిగినా ముందు బయటికి వెళ్ళే రెండో దారి ఎక్కడుందో చూసుకుంటున్నాను. అలారం విషయంలో ఇంత జాగ్రత్తగా ఉన్న ఈ హాస్టల్‌ను ఆ ఒక్కందుకే నేను గౌరవిస్తాను. ఆ సాయంత్రం వీధిలో నిలబడ్డవాళ్ళలో నలుగురు తిరిగి వచ్చాక నా పప్పన్నం తిన్నారు, మాటలు అక్కడినుంచే కలిశాయి.

అసలు లోపం పని పంపకంలో ఉంది. ఫోన్‌లో అడిగినప్పుడు "రాగానే పని ఉంటుంది" అన్నారు. వచ్చాక పదహారు రోజులు బోర్డు మీద నా పేరు కనిపించలేదు, అద్దె మాత్రం ప్రతి శుక్రవారం కట్టాను. వర్షాలకు పొలాలు తడిసి దుంపలు తీయలేకపోవడం ఎవరి తప్పూ కాదు. కానీ పని లేదని తెలిసి కూడా మంచాలు నింపడం, వేరేచోట పని వెతుక్కుంటామంటే రెండు వారాల అడ్వాన్సు తిరిగి ఇచ్చేది లేదనడం న్యాయం కాదు. కొత్తగా వెళ్ళేవారు కనీసం నాలుగు వారాల ఖర్చు చేతిలో ఉంచుకోవాలని, వారాలవారీగా తప్ప ముందుగా అద్దె కట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

పని దొరికాక కూడా తెలుసుకోవలసినవి ఉన్నాయి. మా గుంటూరు వైపు మిర్చి కోతకు కిలోకింత అని ఇచ్చినట్టే అక్కడా బుట్టకింత అని ఇచ్చే పద్ధతి ఉంది. అయితే 2022 ఏప్రిల్ 28 నుంచి, ఎన్ని బుట్టలు నింపినా నింపకపోయినా పనిచేసిన గంటలకు కనీస వేతనం తగ్గకుండా ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. నేను ఉన్న కాలంలో దేశ కనీస వేతనం గంటకు 24.10 డాలర్లు, శాశ్వత ఉద్యోగం కాని క్యాజువల్ పనివారికి దానిపై 25 శాతం అదనం. ఈ లెక్క హాస్టల్‌లో ఎవరూ చెప్పలేదు. తైవాన్ అమ్మాయి ఒకామె తన పేస్లిప్ పక్కన పెట్టి నాకు వివరించింది. మిరపతోటలో మా అమ్మ పక్కన వంగి కోసే కూలీలను చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను కానీ, పగలంతా నడుం వంచితే రాత్రి ఏ పక్కకు ఒత్తిగిలినా నొప్పేనన్నది చిలగడదుంపల పొలంలోనే తెలిసింది.

తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరే వ్యాను ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు, డ్రైవరు బెల్టు పెట్టుకోనిదే కదిలించేవారు కాదు. మధ్యాహ్నం రెండింటికి తిరిగి వస్తే మన దగ్గర ఉదయం తొమ్మిదిన్నర, అమ్మ వంటపని ముగించి కూర్చునే వేళ. ఆ నాలుగున్నర గంటల తేడా మా ఇద్దరికీ సరిగ్గా అమరింది.

వసతికి, వంటగదికి, భద్రతకు ఐదుకు నాలుగు ఇస్తాను. పని చూపించడంలో ఒకటిన్నరకు మించి ఇవ్వలేను. ఖాళీ చేసేటప్పుడు, అంతకుముందే విరిగి ఉన్న సొరుగుకు నా అడ్వాన్సులో 40 డాలర్లు కోసుకున్నారు. దిగిన రోజే గదిని ఫోటోలు తీసి మేనేజరుకు ఈమెయిల్‌లో పంపి ఉంటే ఆ డబ్బు నాకు దక్కేది. మీరు ఆ పని సామాను విప్పకముందే చేయండి.