వెనక రిమ్ మీద మెరిసే స్టిక్కర్ ఉందా? ఆ సైకిల్ కొనకండి

ఇక్కడి ట్విన్ సిటీస్‌లో (మినియాపొలిస్, సెయింట్ పాల్) సెకండ్‌హ్యాండ్ టూరింగ్ సైకిల్ వెతుకుతున్న మనవాళ్ళందరికీ ఈ పోస్టు. అమ్మినాయన పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. మంచు కరగడం ఆలస్యం, మన గ్రూపుల్లో గరాజ్ ముందు నిలబెట్టిన సైకిళ్ళ ఫోటోలకి "టూరింగ్‌కి రెడీ" అని రాసి పెట్టేది ఎవరో మీకే తెలుసు. స్టీల్ ఫ్రేమ్, ముందు మూడు వెనక తొమ్మిది గేర్లు, 36 స్పోకుల చక్రాలు, రిమ్ బ్రేకులు, వెనక ర్యాక్. 420 డాలర్లు. బేరం కూడా ఆడలేదు, మనవాడే కదా అని. డబ్బు జెల్ (బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపే యాప్) లో కొట్టేశాను. జెల్‌లో వెళ్ళింది వెనక్కి రాదని తెలిసే కొట్టాను, నన్నేమనాలో మీరే అనండి.

"కళ్ళు మూసుకుని ఫార్గో దాకా తొక్కెయ్ తమ్ముడూ" అన్నాడు. ఫార్గో దాకా దేనికి, ఫర్గస్ ఫాల్స్‌లో ట్రైల్ ఎక్కినవాడిని దారిలోని బ్రాండన్ కూడా చేరలేదు.

సెంట్రల్ లేక్స్ ట్రైల్ సంగతి కొత్తవాళ్ళకి రెండు ముక్కల్లో. ఫర్గస్ ఫాల్స్ నుంచి ఒసాకిస్ దాకా 55 మైళ్ళు, పాత రైలు కట్ట మీద పరిచిన తారు బాట. టికెట్ లేదు, కార్లు రావు, ఎక్కుడు లేనట్టే. ఒసాకిస్‌లో లేక్ వోబిగాన్ ట్రైల్ అందుకుంటే సాక్ సెంటర్, మెల్‌రోజ్, ఆల్బనీ మీదుగా సెయింట్ జోసెఫ్ వరకు పోవచ్చు. దారంతా చెరువులు, రెల్లు, తడినేలలు, రైలు కట్ట పక్కన నాగలి పడకుండా మిగిలిపోయిన ప్రెయిరీ గడ్డి. ఆష్‌బీ దగ్గర గూడకొంగలు (పెలికన్లు) కూడా కనిపిస్తాయి. మన నేలపట్టులో చూసే రకం కాదు, ఒళ్ళంతా తెలుపు, రెక్క విప్పితే అంచుకి నలుపు. పిల్లలతో వెళ్ళినా ఇబ్బంది లేని దారి. చక్రం బాగుంటే.

ఇంత చదునైన దారిలో చక్రం ఎందుకు పోతుందంటారా? మిన్నెసోటా చలికి తారు కుంచించుకుని అడ్డంగా చీలుతుంది. ఆ చీలికలోకి నీళ్ళు దిగి గడ్డకట్టి అంచుల్ని పైకి లేపుతాయి. వేసవిలో మనం 12, 13 మైళ్ళ వేగంతో పోతుంటే ఒక్కో చీలిక దగ్గర టక్, టక్ అని దెబ్బ. ఎక్కుడు లేదు కాబట్టి సీటు మీంచి లేవం, బరువంతా వెనక చక్రం మీదే కూర్చుంటుంది. పైగా సంచులు వెనక ర్యాక్‌కే. నావి రెండూ కలిపి 35 పౌన్లు. 36 స్పోకుల చక్రానికి ఇదొక బరువే కాదు, ఏళ్ళ తరబడి మోస్తుంది. రిమ్ సరిగా ఉన్నంతకాలం.

వెనక చక్రంలో కుడివైపు గేర్ల కట్ట చోటు తినేస్తుంది. అందుకని కుడివైపు స్పోకులు నిటారుగా నిలబడతాయి, ఎడమవాటికన్నా బాగా బిగువుగా ఉంటాయి. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక్కో స్పోకు సడలి మళ్ళీ బిగుసుకుంటుంది. లక్షలసార్లు. రిమ్ అల్యూమినియం అలిసిపోతే ముందు పగిలేది కుడివైపు నిపుల్ (స్పోకుని రిమ్‌కి బిగించే చిన్న నట్టు) రంధ్రాల చుట్టూనే. వెంట్రుకంత గీత, రంధ్రానికి అటూ ఇటూ, రిమ్ పొడవునా. పైకి ఇంకేమీ తేడా ఉండదు. చక్రం తిన్నగానే తిరుగుతుంది, బ్రేకు బాగానే పడుతుంది. కాలనీలో రెండు రౌండ్లు కొడితే బంగారం అనిపిస్తుంది.

ఇక స్టిక్కర్ కథ. కొనేటప్పుడే చూశాను. వెనక రిమ్ లోపలి వైపు, స్పోకులు దిగే చోట, వెండి రంగు రిఫ్లెక్టర్ టేపు ముక్కలు నాలుగు. ముందు చక్రానికి ఒక్కటీ లేదు. "రాత్రిపూట సేఫ్టీ కోసం వేశా తమ్ముడూ" అన్నాడు. రాత్రి సేఫ్టీ వెనక చక్రానికే ఎందుకు అని అడగాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. ఒక్కో ముక్కని మధ్యకి కత్తెరతో చీల్చి, స్పోకుని చుట్టి, రంధ్రం కనపడకుండా ఎంత శ్రద్ధగా అతికించాడో. అంత ఓపిక ఉన్న మనిషి ట్రూయింగ్ (స్పోకులు సర్ది చక్రం వంకర తీయడం) నేర్చుకున్నా బాగుపడేవాడు.

ఎవాన్స్‌విల్ దాటాక టింగ్ అని చప్పుడు. స్పోకు తెగిందనుకున్నాను. తెగలేదు, నిపుల్ రిమ్‌ని చించుకుని బయటికొచ్చి వేలాడుతోంది. చక్రం వంకర తిరిగి బ్రేకు ప్యాడ్‌కి రాసుకుంటోంది. బ్రేకు కొక్కెం విప్పేసి ముందు బ్రేకుతోనే మెల్లగా పోనిచ్చాను. అర మైలు తిరక్కుండానే ఇంకో చీలిక, రెండో నిపుల్. ఇప్పుడు టైరే ఫ్రేముకి తగులుతోంది. ఇక సైకిల్ వెనకభాగం ఎత్తిపట్టుకుని బ్రాండన్ దాకా నడకే. ఆ ఊళ్ళలో ఊబర్ దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి.

ఎలాగోలా అలెగ్జాండ్రియా చేరాక అక్కడి మెకానిక్ స్టిక్కర్ కొస గోటితో లేపి లాగాడు. కింద సెంటీమీటరు పొడవు పగులు, అందులో నల్లటి మడ్డి. అంటే నిన్న మొన్నటిది కాదు. పగులు మీద గాజులా మెరిసే చుక్క ఒకటి, గట్టిపడిన జిగురు. ఫెవిక్విక్ లాంటిదేదో పోశారు. నాలుగు స్టిక్కర్ల కిందా అదే వరస. పగులు తెలియదని ఎవరైనా అనొచ్చు. తెలియని పగులుకి జిగురు ఎవరు పోస్తారండీ?

అక్కడి నుంచే ఫోటోలు పంపి ఫోన్ చేశాను. తిడతానేమో అనుకున్నాడు కాబోలు, ముందు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "బ్రదర్, ముప్పై అయిదు పౌన్ల సంచులు, వాటిపైన మీరు. నా చక్రం తప్పేముంది ఇందులో? మీరు లారీ కొనుక్కోవాల్సింది." వెనక ఎవరో నవ్వు. కొనేదాకా తమ్ముడిని, విరిగాక బ్రదర్‌ని. ఏకవచనం కాస్తా బహువచనం అయింది, అదొక్కటే నాకు మిగిలిన లాభం. జిగురు సంగతి అడిగేలోపే పెట్టేశాడు. రాత్రికి బ్లాక్.

నా బరువు 190 పౌన్లు. ఎవరైనా లెక్క కట్టుకోవాలంటే కట్టుకోండి.

చక్రం ఒక్కటే కాదు, చైన్‌తోనూ మోసమే. చైన్ తళతళలాడుతూ కొత్తది. నేను దానికే మురిసిపోయాను. కానీ వెనక గేర్ల కట్ట పాతదే. అరిగిన చైన్ సాగుతుంది, సాగిన చైన్ తనకి తగ్గట్టు పళ్ళని కూడా అరగదీస్తుంది. ఆ పళ్ళ మీద కొత్త చైన్ వేస్తే కూర్చోదు. ఎదురుగాలిలో గట్టిగా తొక్కినప్పుడు చిన్న గేర్ల పళ్ళ మీద గడక్‌మని జారుతుంది. అంటే కొత్త చైన్ చూసి సంతోషించకండి, పళ్ళు చూడండి. పంటి రెండు వాలులూ ఒకేలా ఉండాలి. ఒకవైపుకి వంగి సొరచేప రెక్కలా ఉంటే ఆ కట్ట అయిపోయినట్టే. పాత చైనే ఉంటే మామూలు స్కేలు చాలు. ఒక పిన్ను నుంచి లెక్కపెడితే పన్నెండు జత లింకులు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు వస్తే గేర్ల కట్ట ఖర్చు కూడా బేరంలో తగ్గించమనండి.

నా లెక్క: సైకిల్ 420, వెనక చక్రం 310, గేర్ల కట్ట 48, లేబర్ 40. మొత్తం 818 డాలర్లు. రెండు రోజుల టూర్ మొదటి పూటే సమాప్తం. దీనికి ఇంకొంచెం వేసుకుంటే షాపులో వారంటీతో కొత్తదే వచ్చేది. మనవాడు కదా!

కొనబోయేవాళ్ళు ఏం చెయ్యాలంటే, గుడ్డ పట్టుకెళ్ళి వెనక రిమ్ తుడిచి ఫోన్ టార్చి వేసి కుడివైపు రంధ్రాలు పద్దెనిమిదీ ఒక్కొక్కటే చూడండి. రంధ్రం చుట్టూ ఉబ్బు ఉన్నా వద్దు. టేపు, స్టిక్కర్ ఏదున్నా అక్కడికక్కడే పీకమనండి, పీకనంటే వచ్చేయండి. ఒకే వైపు స్పోకుల్ని వేలితో మీటితే దాదాపు ఒకే శ్రుతి పలకాలి, ఒకటి డబ్ అంటే అక్కడేదో ఉంది. రిమ్ బ్రేకులైతే ప్యాడ్ రాసుకునే పక్కగోడకి స్కేలు అంచు ఆనించండి, మధ్యలో గుంట పడి వెలుతురు బాగా కనిపిస్తే ఆ రిమ్ పని కూడా అయిపోయింది. చక్రాన్ని పట్టుకుని పక్కలకి ఊపితే హబ్ కదలకూడదు. పెడల్ ఇరుసు కింద ఫ్రేము మీద సీరియల్ నంబర్ ఉంటుంది, దొంగతనానికి గురైన సైకిళ్ళు నమోదయ్యే బైక్ ఇండెక్స్ సైట్‌లో కొట్టి చూడండి, గీకేసి ఉంటే ఇక మాటలొద్దు. సంచుల్లో నీళ్ళ సీసాలు నింపి తగిలించుకుని ఏదైనా ఎక్కుడు మీద తొక్కి చూడండి, ఖాళీ సైకిల్‌తో పార్కింగ్ లాట్‌లో కాదు. విడి స్పోకులు, స్పోకు రెంచి, తెగిన స్పోకు బదులు కట్టే ఫైబర్‌ఫిక్స్ తాడు అన్నీ నా సంచిలో ఉన్నాయి. స్పోకు తెగితే అవి పనికొస్తాయి. రిమ్మే చిరిగితే దేనికీ పనికిరావు.

గాలి గురించి కూడా ఒక మాట, ఎలాగూ రాస్తున్నా కాబట్టి. ప్రెయిరీలో ఎదురుగాలిని ఆపేందుకు చెట్టూ చేమా తక్కువ. ముందురోజు రాత్రి గాలి ఎటో చూసుకుని ఏ కొసన ఎక్కాలో అప్పుడు తేల్చుకోండి.

ఇంత అర్జెంటుగా ఎందుకు రాస్తున్నానంటే, నిన్న రాత్రి మళ్ళీ పెట్టాడట, స్నేహితుడు స్క్రీన్‌షాట్ పంపాడు. ముదురాకుపచ్చ సైకిల్, 380 డాలర్లు, "టూరింగ్‌కి రెడీ, శనివారం రండి". మూడో ఫోటో పెద్దది చేసి వెనక చక్రం చూడండి. ఈసారి టేపు ముక్కలు అయిదు.