శ్రీకాకుళంలో శనివారం చర్చా బృందం: ఎనిమిది నెలలు వెళ్లాక రాస్తున్నాను

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

"అక్కడ ధ్యానం నేర్పుతారా, లేక రాజకీయాలు మాట్లాడతారా?" అని చాలామంది అడుగుతున్నారు. జాతి వివక్ష గురించి, కుల వివక్ష గురించి మామూలు మనుషులు కూర్చుని మాట్లాడుకునే చోటు అది. మాట్లాడే ముందు, మాటలు బరువెక్కినప్పుడు మధ్యలో, అంతా అయ్యాక కూడా కాసేపు శ్వాస మీద ధ్యాస పెట్టి మౌనంగా కూర్చుంటారు. గురువు లేరు, దండం పెట్టాల్సిన ఫొటో లేదు.

ఏడు రోడ్ల కూడలి నుంచి నడిచి వెళ్లిపోవచ్చు, మేడ మీద ఒక ట్యూషన్ గది. శనివారం సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా. ఫీజు లేదు. అద్దెకీ టీకీ కలిపి మనిషికి 20 రూపాయలు డబ్బాలో వేస్తాం, వేయలేకపోతే ఎవరూ అడగరు, చూడరు కూడా. పది మంది నుంచి పద్దెనిమిది మంది దాకా వస్తారు. తాపీ మేస్త్రి, రిటైరైన ఆర్టీసీ కండక్టర్, రిటైరైన హెడ్మాష్టారు, ఇద్దరు ముగ్గురు డిగ్రీ పిల్లలు, అంగన్‌వాడీలో పనిచేసే అక్క ఒకరు, ల్యాబ్ టెక్నీషియన్‌ని నేను. నడిపే మేడమ్ చాలా ఏళ్లు అమెరికాలో ఉండి వచ్చారు. అక్కడ నల్లజాతివాళ్లు, తెల్లవాళ్లు కలిసి కూర్చునే ఇలాంటి బృందానికి వెళ్లేవారట. ఒకరోజు ఒక నల్లజాతి పెద్దావిడ "మరి మీ ఊళ్లో సంగతేమిటి?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదని, ఆ ప్రశ్నతోనే ఇంటికి వచ్చానని మొదటి రోజు చెప్పారు.

నేను దీనికి ముందు విశాఖలో ఒక చోట రెండు రోజుల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు (శ్వాస మీద, ఆ క్షణం మీద ఎరుకతో ఉండే ధ్యానం) చేశాను, 4,500 రూపాయలు కట్టి. ఏసీ హాలు, మెత్తటి పరుపులు, సన్నగా ఫ్లూట్. అబద్ధం చెప్పను, ఒక రెండు వారాలు నిద్ర బాగా పట్టింది. కానీ అప్పుడే మా ల్యాబులో కొత్తగా చేరిన అమ్మాయికి ఇల్లు దొరకట్లేదు. ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, ఊళ్లో ఏ వీధి అని అడుగుతారు, ఆ తర్వాత "మా అబ్బాయి వాళ్లు వస్తున్నారమ్మా, ఇల్లు ఖాళీ లేదు" అంటారు. తనతో పాటు నేనూ నాలుగిళ్లు తిరిగాను. మా ఇంటిపేరు చెప్పినప్పుడు ఖాళీగా ఉన్న ఇల్లు తన ఇంటిపేరు చెప్పగానే నిండిపోయింది. ఆ కోపం లోపల పెట్టుకుని ఆ కోర్సులో ఏం చేయాలని అడిగితే, ఆ ఆలోచనని మేఘంలా పోనివ్వండి అన్నారు. పోనిచ్చాను. ఆ అమ్మాయి మాత్రం ఇంకో రెండు నెలలు రోజూ ఊరి నుంచి బస్సులో వచ్చి వెళ్లింది.

ఈ బృందంలో నాకు నచ్చిందేమిటంటే, శ్వాసని అలా వాడరు.

మే నెలాఖరులో ఒక శనివారం జరిగింది చెప్తాను. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని నేల మీద పడేసి, ఒక పోలీసు ఆయన మెడ మీద మోకాలు పెట్టి ఉంచిన సమయం 9 నిమిషాల 29 సెకన్లు. ఊపిరి ఆడట్లేదని ఆయన ఇరవైసార్లకు పైగా చెప్పాడు, చివరికి ప్రాణం పోయింది. "అంతసేపు ఎవరి ఊపిరి వాళ్లు చూసుకుంటూ కూర్చుందాం" అన్నారు మేడమ్. రాపిడ్ టెస్టుకి పదిహేను నిమిషాలు ఆగడం నాకు రోజూ పనే, ఇదెంతసేపు అనుకున్నాను. మూడో నిమిషానికి కాలు తిమ్మిరెక్కింది. అయిపోయిందేమో అని కళ్లు తెరిచి గడియారం చూస్తే ఐదు నిమిషాలే అయింది. అప్పుడు నాకు ఆ పోలీసు గుర్తొచ్చాడు. మోకాలు తీసేయడానికి ఆ మనిషికి ఎంత టైముంది! కోపంలో ఒక్క క్షణం జరిగిపోయింది అనుకునే వీలే లేదు, అన్ని ఊపిర్లు నేను లెక్కపెట్టాను. ఈ వార్త టీవీలో ఎన్నిసార్లు చూశానో, నాకెప్పుడూ ఇలా తెలియలేదు.

కళ్లు తెరిచాక ఎవరూ మాట్లాడలేదు. రాజాం వైపు నుంచి వచ్చే డిగ్రీ కుర్రాడు ఒక్కడే, తల దించుకుని, "మరి లక్షింపేట?" అన్నాడు. మరిచిపోయినవాళ్ల కోసం చెప్తున్నాను: 2012 జూన్ 12న, వంగర మండలం లక్షింపేటలో మద్దువలస రిజర్వాయర్ భూముల సాగు గొడవలో ఐదుగురు దళితులని చంపేశారు. ఆ మండలం అప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. నేనప్పుడు ఇదే జిల్లాలో ఇంటర్ చదువుతున్నాను. మినియాపొలిస్‌లో జరిగినదానికి సెకన్లతో సహా లెక్క తెలిసిన నాకు లక్షింపేటలో పోయినవాళ్ల పేరు ఒక్కటీ రాలేదు. ఆ కుర్రాడికి ఐదు పేర్లూ వచ్చు. చెప్పాడు. మళ్లీ కూర్చున్నాం. ఆ రోజు ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను.

జాతీ కులం ఒకటేనా అన్న చర్చ ఇక్కడ ప్రతి నెలా వస్తుంది, తేలదు కూడా. ఒంటి రంగు దాచుకోలేరు, కులం మొహం మీద కనిపించదు కాబట్టి ఏదో ఒకలా అడిగి తెలుసుకుంటారు, ఇది మేష్టారి వాదన. ఆయనే ఇంకో సంగతి చెప్పారు. అమెరికాలో నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశం వచ్చినప్పుడు తిరువనంతపురంలో ఒక బడికి వెళ్తే, ఆ ప్రధానోపాధ్యాయుడు ఆయన్ని పిల్లలకి 'అమెరికా నుంచి వచ్చిన మనలాంటి అంటరానివాడు' అని పరిచయం చేశారట. మొదట కింగ్‌కి చివుక్కుమంది. తర్వాత ఆలోచించుకుని, అవును, నేను అంటరానివాడినే, అమెరికాలో ఉన్న ప్రతి నల్లజాతి మనిషీ అంటరానివాడే అనుకున్నానని ఆయనే తర్వాత చెప్పారు. కండక్టర్ గారికి మాత్రం వాదనలు పట్టవు, ఆయనకి బస్సు కావాలి. రోజా పార్క్స్ అనే నల్లజాతి ఆవిడ 1955 డిసెంబర్ 1న అమెరికాలోని మాంట్‌గోమరీలో బస్సులో తెల్లవాళ్లకి సీటు ఇవ్వననడం, ఆ తర్వాత ఆ ఊళ్లో నల్లజాతివాళ్లు 381 రోజులు సిటీ బస్సు ఎక్కకుండా నడవడం గురించి విన్నప్పుడు ఆయన చాలాసేపు వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని, "ఎక్కేవాళ్లలో సగానికి పైగా వాళ్లే అయితే, ఏడాది దాటి ఎక్కకపోతే, ఆ డిపో పరిస్థితేటో నాకు తెలుసు. మేష్టారూ, ఆళ్లు కోపాన్ని కాళ్లలోకి పంపేశారండీ" అన్నారు. నాకు ఆ మాట చాలా రోజులు వదల్లేదు.

ఇక గ్లాసు సంగతి. ఇది రాయాలా వద్దా అని వారం ఆలోచించాను.

మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో పాటు ఒక రైతు ఇంటికి పనికెళ్తే, వీళ్ల కోసం ఒక గ్లాసు పశువులశాల చూరులో పెట్టి ఉండేదట. తీసుకోవాలి, పైనుంచి పోసింది తాగాలి, కడిగి బోర్లించి మళ్లీ చూరులో పెట్టాలి. ఆయన కోపంగా చెప్పలేదు, ఏడవలేదు, గోడ కొలతలు చెప్పినట్టు చెప్పారు. నేను వింటూ ఉంటే నాకు మా నాయనమ్మ ఇల్లు కనిపించింది. నరసన్నపేట దగ్గర పల్లె మాది. మా ఇంట్లోనూ చూరులో సత్తు గ్లాసు ఉండేది, మా కంబారికి, అంటే పాలేరుకి. అంచు దగ్గర సొట్ట. ఒకసారి ఆటలో నేను దాన్ని తీస్తే నాయనమ్మ నా చేతి మీద కొట్టి, నన్ను నూతి దగ్గరికి తీసుకెళ్లి స్నానం చేయించింది. ఇన్నేళ్లూ అది నాకు దెబ్బగానే గుర్తుంది, గ్లాసుగా గుర్తులేదు.

మూడు శనివారాలు నోరు విప్పలేదు. నాలుగో వారం చెప్పాను, గొంతు వణికింది. ఎవరూ నన్ను ఓదార్చలేదు, అది ఇక్కడి పద్ధతి, అందుకు నేను కృతజ్ఞురాలిని. మేస్త్రి గారు మాత్రం "ఆ కంబారి పేరేటమ్మా?" అని అడిగారు. మేం పిలిచేది చెప్పాను. "అది పిలుపమ్మా. పేరేటి?" అన్నారు. నాకు తెలియదు.

టీ ఇక్కడ కాగితం కప్పుల్లో ఇవ్వరు. స్టీలు గ్లాసులు, అందరివీ ఒకటే, వంతుల వారీగా ఇద్దరు అందరి గ్లాసులూ కడగాలి. మొదట్లో ఈ శ్రమంతా ఎందుకని విసుక్కున్నాను.

ఇప్పుడు తగ్గించిన స్టారు.

జూన్‌లో ఒకసారి అంగన్‌వాడీ అక్క, వాళ్ల పాపకి బడిలో జరిగిన అవమానం గురించి గట్టిగా మాట్లాడుతుంటే, కొత్తగా వచ్చిన ఒకాయన "అమ్మా, కోపం ఆరోగ్యానికి మంచిది కాదు, ఒకసారి శ్వాస గమనించండి" అన్నారు. ఆయన మనసులో చెడు లేకపోవచ్చు. కానీ మేడమ్ ఆయన్ని వెంటనే ఆపలేదు, మేమూ ఆపలేదు, నేనూ ఆపలేదు. అక్క చాలా స్పష్టంగా "మా ఇంట్లో బుద్ధుడు అంబేడ్కర్ గారి పక్కనే ఉంటాడండి. ఆయన 1956లో నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నది మాకు నిద్ర పట్టడానికి కాదు" అని చెప్పి సంచి తీసుకుని వెళ్లిపోయింది. మూడు వారాలు రాలేదు. తర్వాతి శనివారం మేడమ్ అందరి ముందూ తప్పు ఒప్పుకున్నారు, అక్క ఇంటికి కూడా వెళ్లారు. వియత్నాంలో బాంబులు పడుతుంటే బౌద్ధ భిక్షువు తిక్ నాట్ హాన్ ధ్యానమందిరం దాటి వచ్చి, తన శిష్యులతో కలిసి ఊళ్లలో పని చేశారని, ఆయన పేరునే కింగ్ 1967లో నోబెల్ శాంతి బహుమతికి సిఫారసు చేశారని చెప్పి, ఒకరి కోపాన్ని ఇంకొకరు చల్లార్చకూడదని నియమం పెట్టారు. మంచి నియమం. కానీ అది మొదటి రోజు నుంచీ ఉండాల్సింది. దెబ్బ తిన్న మనిషి వెళ్లిపోయాక నియమం పెట్టుకోవడం మన ఊళ్లో ప్రతిచోటా జరిగేదే, ఇక్కడ జరగకూడదు.

ఇంకో పొరపాటు, మొదట్లో ఇది ఆదివారం ఉదయం పెట్టారు. ఆదివారం ఉదయం చర్చికి వెళ్లే కుటుంబాలు ఎక్కువగా ఎవరివో మన జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు. ఎవరు రావాలో వాళ్లే రాలేని రోజు అది. మేస్త్రి గారి మేనల్లుడు చెప్పాక ఏప్రిల్‌లో శనివారానికి మార్చారు, మనుషులు పెరిగారు. అలాగే వాళ్లిచ్చే కాగితాల్లో ప్రివిలేజ్ (పుట్టుకతో వచ్చే వెసులుబాటు), మైక్రో అగ్రెషన్ (రోజూ జరిగే చిన్న చిన్న అవమానాలు) లాంటి మాటలు ఎక్కువ. గట్టి తెలుగులో చెప్పొచ్చు కదా, రెండు గ్లాసుల పద్ధతి అంటే మన దగ్గర ఎవరికి అర్థం కాదు?

ఆగస్టులో అందరం శాలిహుండం వెళ్లాం, అది మాత్రం తప్పక వెళ్లాల్సింది. కళింగపట్నం దారిలో, వంశధార ఒడ్డున కొండ. పైన పాతకాలం బౌద్ధుల ఇటుక స్తూపాలు, చైత్యాలు (ప్రార్థన మందిరాలు), దిగువన చిన్న మ్యూజియం. మైండ్‌ఫుల్‌నెస్ అన్న మాటని 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ మెడికల్ స్కూల్లో జాన్ కబాట్-జిన్ నొప్పులున్న రోగుల కోసం మొదలుపెట్టిన కోర్సు ఊరూరా తీసుకెళ్లింది, మంచిదే, కానీ దాని మూలమైన ఎరుకని సాధన చేసినవాళ్లు నా ఊరికి గంట దూరంలో ఇటుకలు పేర్చి వెళ్లారని నాకు ఈ వయసులో తెలిసింది. ఆ చోటుని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి గారు. ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పాటుపడిన మనిషి కూడా. మాతో వచ్చిన సీతంపేట అమ్మాయి సవర పిల్ల. తరగతిలో తన మాట విని నవ్వినప్పటి నుంచీ ఇంటి బయట తన భాష మాట్లాడటం మానేశానని స్తూపం నీడలో కూర్చుని చెప్పింది. మన యాసని సినిమాల్లో వెక్కిరిస్తే ఎంత మండుతుందో మనకి తెలుసు, ఆ పని మనం కూడా చేస్తున్నాం అని నాకప్పుడే తట్టింది. వచ్చేటప్పుడు బస్సులో తను నీళ్లని, అన్నాన్ని, నదిని సవరలో ఏమంటారో చెప్తుంటే కండక్టర్ గారు టికెట్ వెనకాల రాసుకున్నారు.

సెప్టెంబర్‌లో మా నాన్నని ఒకసారి తీసుకెళ్లాను. రెండు గంటలు కదలకుండా విన్నారు. టీ రాకముందే, నరసన్నపేట బస్సు పోతుందమ్మా అని లేచారు. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు. నిన్న ఫోన్ చేసి, మన కంబారి పేరు కనుక్కున్నావా అని ఆయనే అడిగారు. తనకీ తెలియదట. వాళ్ల కొడుకు టెక్కలిలో ఉన్నాడని ఎవరో చెప్పారట, వెళ్లి కలుస్తానన్నారు.

వెళ్లాలనుకునేవాళ్లకి: మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే చెప్తే కింద వరండాలో పెడతారు. నేల మీద కూర్చోలేకపోతే కుర్చీలున్నాయి. చిన్నపిల్లలని తీసుకురావచ్చు. మొదటి రోజు ఏమీ మాట్లాడకపోయినా పర్వాలేదు, నేను నెల రోజులు మాట్లాడలేదు. ఐదున్నరకే రండి, మౌనం మొదలయ్యాక తలుపు వేసేస్తారు.